పచ్చిమేతలోని హార్మోను శక్తిని తూచుట

గోదావరి డెల్టానుండి మా వ్యవసాయ ప్రసారములకు వచ్చు ఉత్తరములలో వరిని గూర్చిన ప్రశ్నలెన్ని యుండునో, పాడిగేదెను గూర్చినవియు ఇంచుమించుగా అన్నియే యుండును. వానిలో మరల మరల కానవచ్చునది తిరగపొర్లు గేదెను గూర్చిన ప్రశ్న. గేదె ఎదకు వచ్చును, దాటింతురు, లేదా సూది వేయింతురు, చూడి నిలువదు, మూడు వారములకు మరల ఎదకు వచ్చును. ఒక యీత వెనుకబడినచో ఆ సంసారమునకు నెలల తరబడి పాడి తప్పిపోవును. కనుక ఇంటివారు దాణాను, కుడితిని, మేతను, చివరకు దృష్టిదోషమును గూడ అనుమానింతురు.

ఇట్టి యనుమానములలో ఒకటి చదువుకొన్న రైతుల ఉత్తరములలో కనబడుచున్నది. పప్పుజాతి మేతలలో స్త్రీ హార్మోనును బోలిన పదార్థము లుండునట. అవి పశువుల చూడిని చెరచునట. మరి మన పిల్లిపెసర మాట యేమి, అని వారడుగుదురు. సార్వా వరి కోతకు రాకముందే చేలో పిల్లిపెసరయో జనుమో చల్లి, కోత యైన పిమ్మట ఆ నేల తడితోనే పెరిగిన మేతను పశువులకు వేయుట డెల్టాలో తరతరముల వాడుక. ఆ మేత లేనిదే వేసవి గడువని పాడి యిండ్లు ఎన్నియో కలవు. దానిపై ఊరక నింద మోపుట తగదు. అనుమానమును నవ్వి త్రోసివేయుటయు తగదు. చేయవలసినది పరీక్ష. అట్టి పరీక్ష ఎట్లు జరుగును, అది ఏమి చెప్పగలదు, ఏమి చెప్పజాలదు అనునదే మా ప్రసంగ విషయము.

అనుమానము పుట్టినచోటు పశ్చిమ ఆస్ట్రేలియా. కాలము 1940 ప్రాంతము. అచ్చటి గొఱ్ఱెల పెంపకందార్లు సారము చాలని నేలలలో సూపరుఫాస్ఫేటు వేసి, తన కాయలను తానే నేలలోనికి దించుకొను ఒక క్లోవరు జాతిని పచ్చికగా పెంచిరి. పచ్చిక దట్టముగా ఎదిగెను. గొఱ్ఱెలు బలిసెను. కాని కొన్ని యేండ్లు గడచుసరికి ఈనిక తగ్గుచు వచ్చెను. చెడిన మందలలో నూరు గొఱ్ఱెలకు ముప్పది పిల్లలు దక్కుటయే గగనమయ్యెను. ఈనలేక చచ్చునవి కొన్ని, గర్భాశయము వెలికి జారి చచ్చునవి కొన్ని. అన్నింటికంటె వింత యేమనగా, విత్తులు కొట్టిన పొట్టేళ్లకు చనుమొనలు పెరిగి పాలు వచ్చెను! బెన్నెట్సు, అండర్‌వుడ్, షియర్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు 1946లో ఈ వ్యాధిని వివరించి, క్లోవరునకుగల ఈస్ట్రోజను గుణము దీనికి మూలమని సూచించిరి. తిండి చాలని పశువు చూడి కట్టకపోవుట అందరెరిగినదే. కడుపునిండ మేసి, నిగనిగలాడుచు గొడ్డుపోవుట మాత్రము అదివరకు వినని సంగతి.

ఈస్ట్రోజను అనగా నేమి? ఆడజంతువు అండాశయమున ప్రధానముగా పుట్టి, రక్తముతో సంచరించు హార్మోను. ఎదను తెచ్చునది అదియే. గర్భాశయపు గోడలను దళసరి చేయునది, పొదుగును ఎదిగించుటకు తోడ్పడునది అదియే. దీనిని పట్టుకొనుటకు కణములలో గ్రాహకములను ప్రోటీనులుండును. క్లోవరు, సోయా, శనగ మొదలగు పప్పుజాతి మొక్కలలోని ఐసోఫ్లేవోనులు రసాయనశాస్త్రము దృష్టిలో ఈస్ట్రోజనునకు దగ్గరి చుట్టములు కావు. ఐనను వానిలో కొన్నింటి అణువునకు రెండు కొసల నుండు హైడ్రాక్సిల్ గుంపుల నడిమి దూరము ఈస్ట్రడయోలులోని దూరమునకు ఇంచుమించు సరిపోవును. అందుచే పొరుగింటి తాళపుచెవి మన బీగమున పట్టినట్లు అవి యా గ్రాహకమున ఇముడును. కొన్ని సులువుగా తిరుగును. కొన్ని సగము తిరిగి, అసలు తాళపుచెవిని రానీయక అడ్డుపడును. ఒకే పదార్థము ఒకచోట హార్మోనువలెను, వేరొకచోట హార్మోనునకు విరోధివలెను కనబడుట ఇందువలననే. 1996లో మరియొక జాతి ఈస్ట్రోజను గ్రాహకము బయటపడినది. సోయాలోని జెనిస్టీను మొదటిదానికంటె ఈ రెండవదానిని ఎక్కువగా అంటుకొనునని తేలినది. ఇక లెక్క మరింత చిక్కుపడినది.

అణువు రూపమును తెలిసికొనుటయు చిన్నపని కాదు. ఈ పనిలో మన తెలుగునాటికి మంచి పాలు కలదు. 1930ల తొలి భాగమునుండి 1949 వరకు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర శాఖ యందుండిన టి. ఆర్. శేషాద్రి గారు, వారి శిష్యులు, ఫ్లేవోను జాతి పదార్థములను మన చెట్ల పూలనుండి, గింజలనుండి వెలికి దీసి, వాని నిర్మాణమును నిర్ణయించుటలో లోకప్రసిద్ధి గాంచిరి. శేషాద్రి గారికి 1960లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వము లభించినది. అట్లే 1945లో సిద్దికీ మొలకెత్తిన శనగలనుండి బయోచానిన్ అను పేర కొన్ని పదార్థములను వేరుచేసెను. ఆ పేరులోని 'చాన' అను ముక్క శనగకుగల హిందీ నామమును తలపించును. వానిలో 'బి' యనబడినది తరువాతి కథలో ఫార్మొనొనెటిన్ అను మరొక పేరుతో మనకు ఎదురగును. కాని సీసాలో తెల్లని స్ఫటికములుగా మెరయు పదార్థము పశువు కడుపున ఏమి చేయునో సీసాను చూచి చెప్పుట ఎవరి తరమును కాదు.

త్రాసు లేనిచోట జీవియే త్రాసగును. 1895లో భీమవరమున పుట్టి, రాజమహేంద్రవరమున చదువుకొన్న యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు డెల్టా వారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు. 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలయందు వారి బృందము ఫోలికామ్లమును వెదకునపుడు, ఏ రసములో అది ఎంత గలదో తెలుపుటకు సాధనము ఒక జాతి బ్యాక్టీరియా. ఆ బ్యాక్టీరియా బాగుగా పెరిగిన గొట్టములో ఫోలికామ్లము హెచ్చుగా నున్నదన్నమాట. ఈస్ట్రోజను విషయమున అట్టి త్రాసును చేసి యిచ్చినవారు ఎడ్గర్ ఆలెన్, ఎడ్వర్డు డాయిజీ. 1923లో వారు చుండెలుకలకు, ఎలుకలకు శస్త్రచికిత్సతో అండాశయములను తొలగించిరి. సొంత హార్మోను లేని యట్టి ఎలుకకు ఎద రాదు. దానికి పంది అండాశయపు ద్రవమును సూదితో ఎక్కించి, యోనిమార్గపు పొరను అద్ది తీసి సూక్ష్మదర్శినిలో చూచిరి. ఎదలోనున్న ఎలుకకువలెనే కేంద్రకము లేని, పొలుసులవంటి గట్టికణములు కనబడెను. ద్రవములో ఏదో కలదని దీనితో ఋజువైనది. ఆ 'ఏదో' ఈస్ట్రోను అను పేర స్ఫటికరూపమున చేజిక్కినది 1929లో. పదార్థము దొరకక ముందే దానిని కొలుచు విద్య పుట్టుట శాస్త్రచరిత్రలో ముచ్చటైన ఘట్టమని మాకు తోచును.

పొలుసులు ఉన్నవి, లేవు అనుటకంటె అంకెతో చెప్పుట మేలుగదా! అందుకొరకు గర్భాశయమును తూచు పద్ధతి వచ్చెను. ఇది 1930లనుండి వాడుకలోనున్నది. ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ 2007లో దీనికి అంతర్జాతీయముగా చెల్లు నిబంధనలను ఏర్పరచినది. పద్ధతిని వివరింతుము. ఇంకను ఈడు రాని ఆడ ఎలుకపిల్లలనుగాని, అండాశయములు తొలగించిన ఎదిగిన ఎలుకలనుగాని తీసికొందురు. ఒక్కొక్క వర్గమున కనీసము ఆరు. ఒక వర్గమునకు పరీక్షింపవలసిన పదార్థమును నూనెలో కలిపి యిత్తురు. మరొక దానికి వట్టి నూనె. వేరొక దానికి గుణము ముందే తెలిసిన ఈస్ట్రోజను. ఇది ఎలుకలు సరిగా స్పందించుచున్నవా లేదా యని సరిచూచుకొనుటకు. వరుసగా మూడు దినములు ఇచ్చి, ఇరువదినాలుగు గంటల పిమ్మట గర్భాశయమును తీసి, అందలి నీటిని అద్దుడు కాగితముతో తీసివేసి తూతురు. ఈడురాని ఎలుకపిల్ల గర్భాశయము సుమారు ముప్పది మిల్లీగ్రాములుండును. గట్టి ఈస్ట్రోజను తగిలినచో అది మూడు నాలుగు రెట్లగును. పరీక్షించు పదార్థమును పలు మోతాదులలో ఇచ్చి, ఏ మోతాదునకు ఎంత పెరుగునో గీత గీసి, తెలిసిన ఈస్ట్రోజను గీతతో పోల్తురు. పెరుగుట నిజముగా ఈస్ట్రోజను గ్రాహకము ద్వారానే జరిగినదా యను సందేహమున్నచో, ఆ గ్రాహకమును మూసివేయు మందును గూడ కలిపి యిచ్చి చూతురు. అప్పుడు పెరుగుదల ఆగిపోయినచో సందేహము తీరినట్లే.

వినుటకు ఇంత సులువుగా నున్న ఈ పరీక్షలో పొంచియున్న మోసము ఒకటి కలదు. ఎలుకల మేతలోనే సోయాపిండి యుండుట! ప్రయోగశాలలలో ఎలుకలకు పెట్టు దాణాబిళ్లలలో మాంసకృత్తుల కొరకు సోయా చేర్చుట సర్వసాధారణము. అప్పుడు వట్టి నూనె త్రాగిన ఎలుకకును తెలియకుండనే జెనిస్టీను అందును. దాని గర్భాశయము ముందే కొంత పెరిగియుండును. పోల్చుటకు పెట్టుకొన్న కొలబద్దయే సాగిపోయినచో, దుర్బలమైన పదార్థము గుణము అందులో కలిసి మాయమగును. అందుచేతనే పై నిబంధనలలో ఒక గ్రాము దాణాలో జెనిస్టీనుతో సమానమైన పదార్థములు 350 మైక్రోగ్రాములకు మించరాదని హద్దు పెట్టిరి. ఎలుకకు ఏమి యిచ్చితిరి అని అడుగువారు పలువురు. ఎలుక ఏమి తినుచున్నది అని అడుగువారు కొందరే. రెండవ ప్రశ్నయే ముఖ్యము.

ఇక అంకెలు. అమెరికాలో బికాఫ్, ఆయన సహచరులు 1957లో మేతమొక్కలనుండి కూమెస్ట్రాల్ అను క్రొత్త పదార్థమును కనుగొనిరి. 1962లో ఇట్టి పదార్థములన్నిటిని చుండెలుకల గర్భాశయముతో తూచి వరుస వేసిరి. జెనిస్టీను శక్తిని 1 అనుకొన్నచో కూమెస్ట్రాల్ 35, డైడ్జీన్ 0.75, బయోచానిన్-ఎ 0.46, ఫార్మొనొనెటిన్ 0.26. ఇదే లెక్కలో ఈస్ట్రోను 6,900, కృత్రిమముగా చేసిన స్టిల్‌బెస్ట్రాల్ 1,00,000. అనగా మొక్కలలోని పదార్థములు అసలు హార్మోనుముందు చాల దుర్బలములు. కాని పశువు మేయునది మిల్లీగ్రాములతో కాదు, మోపులతో. ఆస్ట్రేలియాలో చెడ్డపేరు తెచ్చుకొన్న క్లోవరు రకములలో ఎండబెట్టిన ఆకు నూరుపాళ్లలో ఒక పాలును మించి ఫార్మొనొనెటినే యుండెను. శక్తి లేమిని రాశి పూరించినది.

ఐనను ఇచ్చట ఒక చిక్కు వచ్చెను. చుండెలుక లెక్క ప్రకారము వీనిలో అందరికంటె అమాయకము ఫార్మొనొనెటిన్. తొలుదొల్త క్లోవరునుండి జెనిస్టీనును వేరుచేసినవారు దోషమంతయు దానిదేయని తలచిరి. కాని జెనిస్టీను ఎక్కువగానుండి ఫార్మొనొనెటిన్ తక్కువగానున్న క్లోవరును మేసిన గొఱ్ఱెలు చక్కగా ఈనుచుండెను. 1960లలో చిక్కుముడి వీడినది. నెమరువేయు జంతువు మొదటి పొట్ట ఒక పెద్ద పులియబెట్టు కాగు. అందలి సూక్ష్మజీవులు జెనిస్టీనును, బయోచానిన్-ఎను కొద్దిదినములలో అలవాటుపడి విరిచివేసి పనికిరాని పదార్థముగా మార్చును. ఫార్మొనొనెటినును మాత్రము మొదట డైడ్జీనుగా, పిదప ఈక్వాల్ అను పదార్థముగా మార్చును. ఈక్వాల్ గుణము కలది. రక్తములో చేరి గర్భాశయమును అంటును. ఇది క్రొత్త పదార్థమును కాదు. 1932లోనే మారియన్, హేసిల్‌వుడ్ అనువారు చూడి గుఱ్ఱపు మూత్రమునుండి దానిని వేరుచేసి, గుఱ్ఱపు పేరనే దానికి నామకరణము చేసియుండిరి. ముప్పది యేండ్లకు దాని అసలు కథ బయటికి వచ్చినది.

కనుక చుండెలుక అబద్ధమాడలేదు. చుండెలుక సంగతి చెప్పినది. గొఱ్ఱె సంగతి గొఱ్ఱెనే అడుగవలెను. ఆస్ట్రేలియనులు అడిగిరి, అదియు ఎంతో తెలివిగా. తొలినాటి వింతనే వారు కొలతబద్దగా మార్చుకొనిరి. విత్తులు కొట్టిన పొట్టేళ్లను ఒక పచ్చికలో విడిచి, వాని చనుమొనల పొడవును కొన్ని వారములపాటు కొలిచి చూచిరి. పెరిగినచో ఆ పచ్చిక ఆడగొఱ్ఱెలకు పనికిరాదు. జంతువును చంపనక్కరలేదు, సూది గ్రుచ్చనక్కరలేదు. కొలబద్ద ఒక్కటి చాలును. ఇట్టి పరీక్షలు, రసాయన విశ్లేషణలు తోడుగా ఫార్మొనొనెటిన్ తక్కువగల క్లోవరు వంగడములను పెంచిరి. నేలలో భాస్వరము కొరవడినచో ఆకులో ఐసోఫ్లేవోనులు హెచ్చుననియు, ఈ క్లోవరు ఎండి గడ్డియైన పిదప గుణము చాలవరకు తగ్గుననియు తెలిసినది. కొద్దికాలము మేసిన గొఱ్ఱెను వేరు మేతకు మార్చినచో కొన్ని వారములకు తేరుకొనును. ఏండ్ల తరబడి మేసినదాని గర్భాశయ ముఖము మాత్రము శాశ్వతముగా మారిపోయి, పొట్టేలు దాటినను వీర్యము నిలువదు.

ఇప్పుడు గోదావరి గట్టునకు వత్తము. గేదె గొఱ్ఱె కాదు. ఆవుల పొట్టలోను ఈక్వాల్ తయారగును, ఐనను ఆవులు గొఱ్ఱెలంతగా చెడిపోవు. గేదె పక్షమున సాక్ష్యము గేదెయే చెప్పవలెను. పిల్లిపెసర క్లోవరు కాదు. ఒక పప్పుజాతి మొక్కనుబట్టి మరొక దానిని నిర్ణయించుట, ఒక తమ్ముడు దొంగయైనచో అన్నను చెరసాలకు పంపుటవంటిది.

పిల్లిపెసరను న్యాయముగా విచారింపవలెనన్నచో ఎట్లు? రసాయనశాలలో మేతను మొలకనాటినుండి కాయపట్టువరకు వారమువారము కోసి, ఏ పదార్థము ఎంతగలదో కొలువవలెను. ఆ ఆకుపొడిని సోయాలేని దాణాలో కలిపి, అండాశయములు తొలగించిన ఎలుకలపై తూచవలెను. ఎలుకల పెంపకమునకు మన రాష్ట్రములలో కొదువ లేదు. 1958లో కూనూరునుండి హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల, అనగా ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ, విస్టారు జాతి ఎలుకలను దశాబ్దముల తరబడి పెంచుచు వచ్చినది. ఇట్టి ప్రయోగములకు 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము క్రింద ఏర్పడిన కమిటీ నిబంధనలు కలవు. నైతిక సంఘపు అనుమతి ముందుగా పొందవలెను. గాజుపాత్రలోని కణములపై తొలివడపోత చేసి, ఎలుకల సంఖ్యను తగ్గించుటయు నేడు సాధ్యమే. ఐతే గాజుపాత్రకు పొట్ట లేదు. ఫార్మొనొనెటినును ఈక్వాలుగా మార్చి చూపుట దానివలన కాదు.

అసలు విచారణ గేదెలపైననే. ఒకే యీడు, ఒకే బరువు గల పడ్డలను రెండు వర్గములుగా చీట్లు వేసి విడదీసి, ఒకదానికి పిల్లిపెసర, మరొకదానికి జొన్నచొప్పయు పచ్చగడ్డియు వేయవలెను. అందును మెలకువ కావలెను. పిల్లిపెసరలో మాంసకృత్తులు హెచ్చు. రెండవ వర్గమునకు చెక్క పెట్టి ఆ లోటు పూడ్చనిచో, తేడా హార్మోనువలన వచ్చినదో పోషణవలన వచ్చినదో తేలదు. వర్గమునకు ఐదేసి గేదెలు చాలవు. ఒక వర్గమున మూడు, మరొక వర్గమున రెండు చూడి కట్టినచో అది నాణెము ఎగురవేసినట్లే. దానిని చూచి మేతను మెచ్చుకొనుటయు తప్పే, తిట్టుటయు తప్పే. పదుల సంఖ్యలో పశువులు, రెండు మూడు మేతకాలములు కావలెను. ఖర్చునకు వెనుదీయువారికి మేము సూచించు దారి ఆస్ట్రేలియావారిదే: విత్తులు కొట్టిన దున్నదూడలను మేతలో కట్టి చనుమొనలు కొలిచి చూచుట తొలిమెట్టుగా ప్రయత్నింపదగినది.

పాడి యొక్కటే డెల్టా సొత్తు కాదు. తణుకు, అనపర్తి ప్రాంతముల కోళ్లఫారములలో దాణాలోని మాంసకృత్తులు హెచ్చుపాలు సోయాపిండివి. కోడికి పరీక్ష వేరు: ఈడురాని కోడిపెట్టపిల్ల అండవాహిక బరువును తూతురు. భీమవరము, ఆకివీడు చెరువులలో శీలావతి, బొచ్చెలకు తవుడు, చెక్కలతోపాటు తయారు మేతలు వచ్చినవి. చేపల పరీక్ష మా దృష్టిలో అన్నిటికంటె సొగసైనది. ఆడచేప కాలేయము ఈస్ట్రోజను ఆజ్ఞతో విటెల్లోజెనిన్ అను సొనప్రోటీనును చేసి రక్తములోనికి వదలును. మగచేపకు గ్రుడ్లు లేవు. దాని రక్తమున ఆ ప్రోటీను ఉండవలసిన పని లేదు. ఉన్నచో మేతలోనో నీటిలోనో ఈస్ట్రోజను కలదని పట్టుబడినట్లే. ఒక్క చుక్క రక్తముతో తేలును, చేప బ్రతికియే యుండును. ఫ్రాన్సులో పెంపుడు స్టర్జను చేపల రక్తమున ఈ ప్రోటీను కారణము లేక హెచ్చుటను వెంబడించి, 1991లో పెలిసెరో ప్రభృతులు అది మేతలోని సోయా పనియని తేల్చిరి.

ఉత్తరములు వ్రాసిన రైతులకు ఒక్క సంగతి చెప్పవలసియున్నది. గేదె తిరగపొర్లినపుడు మొదట పశువైద్యునిచే గర్భాశయమును పరీక్ష చేయింపుడు, ఖనిజలవణముల మిశ్రమము పెట్టుడు, వేసవిలో మూగయెదను కనిపెట్టుటకు తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయిన వేళ పశువును చూడుడు. దోషము హెచ్చుగా అచ్చటనే దొరకును. మేతపై అనుమానము తీరనివారు ఎద వచ్చిన తేదీ, దాటించిన తేదీ, ఆ దినములలో వేసిన మేత, అది పచ్చిదో ఎండుదో ఒక నోటుపుస్తకమున వ్రాసి యుంచుడు. వైద్యునికి అది ఎంతయో ఉపకరించును.

లూసర్ను మడి గలవారు మరొకటి గమనింపవలెను. ఆకుమచ్చ తెగులు తగిలిన లూసర్నులో కూమెస్ట్రాల్ పెరుగును. ఆరోగ్యమైన ఆకులో అది స్వల్పము. శిలీంధ్రమునకు ఎదురొడ్డుటలో మొక్క దానిని తయారుచేసికొనును. మచ్చలు కనబడిన మడిని ముదరనీయక ముందుగానే కోసి, ఆ మోపులను ఎదకు రావలసిన పడ్డలకు కాక దుక్కిటెద్దులకు వేసి, తరువాతి కోతను గేదెలకు ఉంచుకొనవచ్చును.